కుడి పురి

సెయింట్ జాన్స్‌లో ఫిబ్రవరి. నేలమాళిగ గది, కిటికీ లేదు.
నత్రజని సిలిండర్ సన్నగా బుసకొడుతుంది.
అది ఆగిందా, జెనాన్ దీపం గాలిని ఓజోన్ చేసి
అద్దాలన్నీ తినేస్తుందని
గోడమీద ఎర్రసిరాతో ఫిలొమీనా టిజార్డ్ హెచ్చరిక.
కింద మూడు అడ్డగీతలు.

పదిహేనేళ్ళుగా ఈ యంత్రం ఆమెది.
కొత్తవాళ్ళెవరొచ్చినా అదే పాఠం:
"వెలుగునీ పేనొచ్చు, తాడులాగే.
ఒక పాయ ఎడమకు తిరుగుతూ పోతుంది, ఒకటి కుడికి.
సెకనుకు యాభైవేల సార్లు మార్చి మార్చి పంపుతాం.
ఎడ్డెమంటే తెడ్డెమనే కవలలు.
నీళ్ళకు ఇద్దరూ ఒకటే.
ప్రోటీన్ మాత్రం పక్షపాతి,
ఒకరిని రవ్వంత ఎక్కువ మింగుతుంది.
ఆ రవ్వంతే మనకు జీతం."

నా నమూనా ఒక చేప నెత్తురులోది.
చలికాలపు ఫ్లౌండర్.
అడుగు బురదలో బల్లపరుపుగా పడుకుని
రెండు కళ్ళూ కుడిపక్కకే తెచ్చుకున్న చేప.
సముద్రం సున్నాకు కిందికి దిగినా
దాని ఒంట్లో మంచు కట్టదు.
ముప్ఫై ఏడు అమైనో ఆమ్లాల చిన్న పోగు
మంచు పలుకు పుట్టీపుట్టకముందే పట్టుకుని
పెరగనివ్వదు.

చేపలు తెచ్చింది మా నాన్న,
కాడ్ వేట మూసేసిన రెండో చలికాలం.
పడవ అమ్మలేదు, అందులో పోనూ లేదు.
"చదువుకైనా పనికొస్తాయి" అని
తొట్టి గుమ్మంలో దించి వెళ్ళిపోయాడు.

మొదటిరోజు గీత రెండువందల దగ్గరే తెగింది.
ఆ తర్వాత గీత కాదు, ముళ్ళకంప.
ఫిలొమీనా కళ్ళజోడు నుదుటి మీదికి తోసింది.
"దేంట్లో కరిగించావు?"
"ఉప్పునీళ్ళలో. చేప ఉండేది అక్కడేగా."
"ఆ ఉప్పే వెలుగంతా తాగేసింది.
నీ ప్రోటీన్‌కి చుక్క మిగల్లేదు."

సిగ్గేసింది.
ఉప్పేసిన చేప, ఉప్పు పట్టిన మేజోళ్ళు,
నాన్న కనుబొమల్లో తెల్లగా ఎండిన ఉప్పు.
ఉప్పు మీద నిలబడ్డ ఇల్లు మాది.
అదే అడ్డం పడుతుందని ఎలా అనుకుంటాను?

రాత్రంతా సన్నపొర సంచిలో పోసి
ఫాస్ఫేట్ నీళ్ళలో వేలాడదీశాను.
మూడుసార్లు నీళ్ళు మార్చాను.
మూడోసారికి తెల్లవారింది.

తొట్టి కోసం వచ్చిన నాన్న తలుపు దగ్గరే నిలబడ్డాడు,
బూట్లకు మంచుందని.
క్వార్ట్జ్ డబ్బీలో, ఒక్క మిల్లీమీటరు మందాన,
సున్నా డిగ్రీల దగ్గర ఆ పోగు.
కలం కదిలింది.
రెండువందల ఇరవైరెండు దగ్గర ఒక లోయ,
కాస్త ఎక్కి, రెండువందల ఎనిమిది దగ్గర ఇంకోటి,
పక్కపక్కన లంగరేసిన రెండు పడవల అడుగుల్లా.
ఆపైన నిట్టనిలువుగా ఎక్కుడు.
"హెలిక్స్," అంది ఫిలొమీనా. "దాదాపు అంతా. కుడి పురి."

వేడి పెంచాం. ఇరవై. నలభై.
లోయలు పూడుకొచ్చాయి.
అరవైకి పురి విప్పుకుని
ఏ ఆకారమూ లేని దారం.
"చచ్చిపోయిందా?" అన్నాడు నాన్న.
ఎవరం మాట్లాడలేదు. చల్లార్చాం.
పావుగంటకో మెట్టు దిగుతూ కలం మళ్ళీ గీసింది
పొద్దుటి గీత మీదే, దిద్దినట్టు.

"వెచ్చగా ఉంటే ఒళ్ళు వదిలేస్తుంది,
చలేస్తే పనిలోకొస్తుంది" అన్నాడు.
చలికి వంగని వేళ్ళు రుద్దుకుంటూ అన్నాడు.
నవ్వాలో వద్దో నాకు తెలియలేదు.

అది మంచును ఎలా పట్టుకుంటుందో అడిగాడు.
ఈ యంత్రం చెప్పదన్నాను.
మొత్తం మీద పురి ఎంతో చెబుతుంది,
ఏ అణువు ఎక్కడుందో చెప్పదు.
"సగం కబురన్నమాట."
"సగమే."

ఫిలొమీనా పుస్తకంలో రాసింది:
దీపం గంటలు, ఆరువందల పదకొండు.
దీపం ఆర్పింది. నత్రజని ఇంకాసేపు ఉండాలి.
నాన్న అప్పటికి బూట్లు విప్పేసి
మూలన నేను అడ్డదిడ్డంగా పడేసిన రబ్బరు గొట్టాన్ని
పొద్దు తిరిగే వైపు, కుడికి,
ఒక్కో చుట్టే చుడుతున్నాడు.